కన్ను చెప్పు తీర్పు

క్రొత్త మనిషి ఎదురుపడగానే మన కన్ను తీర్పు చెప్పివేయును. రూపవంతుని మాట సత్యముగా తోచును. రూపము లేనివాని మాట పూర్తిగా వినుటకే మనకు ఓపిక ఉండదు. ప్రసాదపు వరుసలో మాసిన బట్టల వృద్ధుని ప్రక్కకు తొలగుమన్న నాలుక మనదే కదా!

ఇది మనస్సునకు సహజమైన దోషము. సైనికాధికారులు తమ క్రిందివారిని అంచనా వేసిన తీరును అమెరికా శాస్త్రజ్ఞుడు థార్న్‌డైక్ పరిశీలించి, ఒక గుణము నచ్చినచో తక్కినవన్నియు మంచివిగానే కనబడునని 1920లో తెలిపెను. 1972లో జరిగిన మరియొక పరిశోధనలో, కేవలము ఛాయాచిత్రములు చూచిన విద్యార్థులు అందమైన ముఖములవారికే సద్గుణములను అంటగట్టిరి.

మన పెద్దలు దీనిని ఎరుగనివారు కారు. అష్టావక్రుని వంకర దేహమును చూచి జనకుని సభవారు నవ్విరట. చర్మమును చూచి వెలకట్టువారు పండితులెట్లగుదురని ఆయన అడిగెనని లోకమున ప్రసిద్ధి.

మరి చూడవలసినదెట్లు? కిష్కింధాకాండలో హనుమంతుడు భిక్షువేషమున వచ్చెను. శ్రీరాముడు ఆ వేషమును బట్టి తూచలేదు. పలుకు మొత్తము వినెను. ఇంతసేపు మాటాడినను ఒక్క అపశబ్దమైనను లేదని లక్ష్మణునితో మెచ్చుకొనెను. కన్నులను, నుదుటిని, కనుబొమలను కూడ గమనించెను. అయితే అక్కడ ఆయన వెదకినది అందము కాదు. మాటాడునపుడు ముఖమున వికారము కలదా యని మాత్రమే.

శుచిగా, చక్కగా నుండుట దోషము కాదు. రూపమునే గుణమనుకొనుట దోషము. పెండ్లిచూపులలోనైనను, ఉద్యోగమిచ్చు చోటనైనను, ఆలయమునందైనను కన్ను ముందుగా చెప్పును, చెప్పనిత్తము. చెవి సాక్ష్యము విన్న పిమ్మటనే తీర్పు వ్రాయుదము.