వేరుశనగకి బీజామృతం: వీడియోని ఎక్కడ ఆపాలి?

ఫోన్‌లో చూసి చేతిపని నేర్చుకోవచ్చా అని అడుగుతుంటారు. నేర్చుకోవచ్చు, అయితే ఆ వీడియో తీసిన పద్ధతిని బట్టే. కింది వీడియోనే తీసుకుందాం.

కొలతలు మీకు తెలిసినవే. 20 లీటర్ల నీళ్లు, 5 కిలోల ఆవుపేడ, 5 లీటర్ల ఆవుమూత్రం, 50 గ్రాముల సున్నం, గుప్పెడు గట్టుమట్టి. పాళేకర్ గారు చెప్పిన లెక్క. దీనికి వీడియో ఎందుకు, చీటీ మీద రాసిస్తే చాలు.

పని వరస మాత్రం చూడాల్సిందే. పేడని పలచటి గుడ్డలో మూటకట్టి నీళ్లలో వేలాడదీయాలి. అదే రాత్రి సున్నం విడిగా లీటరు నీళ్లలో నానాలి. తెల్లారి మూటని అదే నీళ్లలో మూడుసార్లు ముంచి పిండి, మట్టి, మూత్రం, సున్నపు నీళ్లు కలిపి తిప్పాలి. నాలుగు నిమిషాల వీడియోలో రాత్రంతా రెండు సెకన్లలో పోతుంది. అందుకే కట్ చేసినచోట "12 గంటలు ఆగాలి" అని పెద్దక్షరాలు వేశాం. కెమెరా పనిచేసే మనిషి భుజం మీదుగా పెట్టాం. ఎదురుగా తీస్తే కుడిచెయ్యి, ఎడమచెయ్యి తికమక అవుతుంది. పాటలు పెట్టలేదు, గింజల చప్పుడు వినపడాలి కదా!

అసలు చిక్కు పట్టించేటప్పుడు. వడ్లకి రుద్దినట్టు వేరుశనగకి రుద్దితే పైన ఎర్రపొర ఊడుతుంది. పొర పోయిన గింజ మొలకెత్తకముందే నేలలో కుళ్లే ప్రమాదం ఎక్కువ. ఎకరం విత్తనం ఖరీదెంతో మీకు చెప్పక్కర్లేదు. సరిగ్గా ఇక్కడే వీడియో ఆగి మూడు బొమ్మలు చూపిస్తుంది: రుద్దడం, నానబెట్టడం, పైన చిలకరించి మెల్లగా కదపడం. ఒకటి నొక్కితేనే ముందుకెళ్తుంది. రుద్దడం నొక్కినవాళ్లకి పొర ఊడిన గింజ కనపడుతుంది, మళ్లీ అక్కడికే వస్తారు. చిలకరించాక నీడలో ఆరబెట్టడం చూపిస్తాం.

ఆపి అడిగే పద్ధతి కొత్తదేం కాదు. 2006లో బెంగళూరులో మైక్రోసాఫ్ట్ రీసెర్చ్‌లో మొదలైన డిజిటల్ గ్రీన్, ఊరి రైతులతోనే వీడియోలు తీసి, ఊళ్లో ఒకరు మధ్యమధ్యలో ఆపి మాట్లాడించేలా పెట్టింది. నాకైతే ఒంటరిగా ఫోన్‌లో చూడటం కంటే నలుగురు కూర్చుని చూడటమే మంచిదనిపిస్తుంది. బొమ్మ నొక్కినంత మాత్రాన చెయ్యి తిరగదు.

అందుకని ముందు రెండు కిలోల గింజలకి పట్టించండి. కదిపేటప్పుడు అర నిమిషం వీడియో తీసి పంపండి, చెయ్యి బరువు ఎక్కువైతే చెప్తాను. ఆరాక 100 గింజలు తడి గోనెపట్టాలో చుట్టి, ఎన్ని మొలిచాయో లెక్కపెట్టాకే మిగతా విత్తనం ముట్టుకోండి.