తాలు కాయలు - తప్పిన పరిశీలనలు

గుంటూరు సీమలో మిరప కళ్ళం చూడనివారు అరుదు. ఎండిన కాయలలోనుండి రంగు వెలిసిన తాలును కూలి స్త్రీలు ఏరి వేరే రాశి పోస్తారు. తాలును పారవేయరు, తాలుగానే అమ్ముతారు. ఎర్ర కాయలలో కలిపి అమ్మితేనే మోసం. విజ్ఞానశాస్త్రానికీ ఈ నీతి వర్తిస్తుంది.

1868 ఆగస్టు 18న ఈ గుంటూరులోనే సంపూర్ణ సూర్యగ్రహణం కనబడింది. దానికొరకు ఫ్రాన్సునుండి జాన్సెన్, ఆంగ్లేయుల పక్షాన మేజరు టెన్నెంట్ వచ్చి ఇక్కడ విడిసి వున్నారు. చీకటి నిలిచినది అయిదు నిమిషాల పైచిలుకు మాత్రమే. తప్పిపోయినదానిని మళ్ళీ చూద్దామంటే గ్రహణం ఆగదు గదా! అయితే సూర్యుని అంచున ఎగసే జ్వాలల కాంతిరేఖల ప్రకాశం చూచి, గ్రహణం లేకున్నా ఇవి కనబడి తీరాలని జాన్సెన్ ఊహించాడు. మరునాడే వాటిని చూచాడు. ఆ విధంగా రెండవసారి చూచే భాగ్యం శాస్త్రానికి లభించింది.

దాని విలువ త్వరలోనే తేలింది. గ్రహణంనాటి పసుపుపచ్చ రేఖ సోడియందేనని కొందరు భావించారు. ఆ అక్టోబరులో ఇంగ్లండునందు లాకియర్ ఇదే పద్ధతిని స్వతంత్రంగా కనుగొని, తీరికగా కొలిచి చూడగా, రేఖ సోడియం స్థానానికి కొంచెం ప్రక్కగా వున్నది. అది హీలియం రేఖ! 1895లో రామ్సే ఆ వాయువును భూమిమీదనే పట్టి చూపాడు.

1990లో రోదసికి చేరిన హబుల్ దూరదర్శినికి మబ్బుల బాధ లేదు. విఘ్నాలు మాత్రం వున్నవి. గురి తప్పకుండా అది మార్గదర్శక నక్షత్రాలను పట్టుకొని నిలవాలి. పట్టు జారితే పరిశీలన చెడుతుంది. విశ్వకిరణం తగిలితే లేని నక్షత్రం వెలిసినట్లు చుక్క పడుతుంది. అందుచేత ఒకే దృశ్యాన్ని రెండు మూడు మారులు తీసి పోల్చుతారు. ఒకదానిలో వుండి మరొకదానిలో లేని చుక్కను నక్షత్రమని నమ్మరు. చెడిన బిందువులకు గుర్తులు పెట్టి, ఆ గుర్తులతోనే భద్రపరుస్తారు. పరిశీలన విఫలమైతే శాస్త్రజ్ఞుడు కారణం చూపి, మరల చూచుటకు గడువులోగా అర్జీ పెట్టుకోవాలి. వైఫల్యాన్ని దాచినవానికి రెండవ అవకాశం లేదు.

మరి మన పాఠశాలలో? లోలకం లెక్కలో 980 రాకపోతే విద్యార్థి తన అంకెను చెరిపి పుస్తకంలోని అంకె వేస్తాడు. మనమూ చూచీ చూడనట్లు మార్కులు వేస్తాము. తాలును ఎర్ర కాయలలో కలపడం వాడికి నేర్పినది మనమే. ఇకనైనా ఆ తప్పిన అంకెను అలాగే వుంచి, ప్రక్కన కారణం వ్రాయించి, లోలకాన్ని మళ్ళీ ఊపమందాము.