బండి ఒక పక్కకు గుంజుతూ ఉంటే



ఈ పూట ఎరువుల మాట, పురుగుమందుల మాట కాస్త పక్కన పెడదాం. కమ్మర్‌పల్లి చుట్టుపట్ల ఊళ్లలో ఇప్పుడు చాలా ఇండ్ల ముందు కారో, జీపో నిలబడి ఉంటున్నది. పసుపు వండి, ఎండబెట్టి, పాలిష్ పట్టించిన పిమ్మట ధర కనుక్కోవడానికి నిజామాబాదు మార్కెటు యార్డుకు పోవాలన్నా, రాత్రివేళ ఆర్మూరులో ఆస్పత్రికి పోవాలన్నా ఆ బండే ఆధారం. అటువంటి బండి తిన్నగా పోక ఒక పక్కకు గుంజుతూ ఉంటే ఏం చేయాలి? దాన్ని గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం.

ఒకసారి పసుపు కాలంలో ఒక పెద్దరైతు నన్ను తన కారులో ఎక్కించుకున్నాడు. దారిలో, "సారూ, బండి ఎడమకు గుంజుతున్నది. రెండుసార్లు అలైన్‌మెంటు చేయించిన. పైసలు పోయినయి గాని గుంజుడు పోలేదు" అన్నాడు.

"కాకా, టైర్లల్ల గాలి ఎప్పుడు చూపించిండ్రు?" అని అడిగాను.

"గాలికేంది సారూ, కండ్లకు మంచిగనే కనబడుతున్నది గదా!"

రోడ్డు పక్క పంచరు దుకాణం దగ్గర ఆపి కొలిపించాం. ముందు కుడి టైరులో 32 ఉన్నది, ఎడమ టైరులో 22 మాత్రమే ఉన్నది. సన్నని మేకు ఒకటి దిగి గాలి మెల్లమెల్లగా పోతున్నది. పంచరు వేసి గాలి పట్టగానే గుంజుడు నిలిచిపోయింది. కాని కథ అక్కడితో ముగియలేదు. కొంత దూరం పోయాక బర్రె అడ్డం వస్తే కాకా బ్రేకు గట్టిగా తొక్కాడు. బండి ఈసారి కుడికి, ఎదుటి లారీ వచ్చే పక్కకు తోసుకుపోయింది. వెంట్రుకవాసిలో తప్పింది.

ఒకే బండి ఒకసారి ఎడమకు, ఒకసారి కుడికి ఎందుకు గుంజినట్టు? జోడెడ్ల బండిని తలచుకోండి. ఒక ఎద్దు వెనకబడితే బండి ఎటు తిరుగుతుంది? వెనకబడిన ఎద్దు పక్కకే గదా! మోటారు బండి సంగతీ చాలావరకు అంతే. గాలి తగ్గిన చక్రం బరువుగా దొర్లుతుంది, బండి ఆ పక్కకే పోతుంది. బ్రేకు తొక్కినప్పుడు బాగా పట్టిన చక్రం వెనకబడుతుంది, బండి అటు తిరుగుతుంది. అంటే బ్రేకు వేసినప్పుడు కుడికి గుంజితే, తప్పు తరచుగా ఎడమ బ్రేకులోనే ఉంటుంది. కాకా బండిలో జరిగింది అదే. ఎడమ చక్రం బ్రేకు పిస్టను తుప్పుపట్టి బిగుసుకుపోయిందని మెకానిక్ విప్పి చూపించాడు.

కనుక మొదటి ప్రశ్న "ఎటు గుంజుతున్నది?" అని కాదు, "ఎప్పుడు గుంజుతున్నది?" అని. ఎప్పుడూనా, బ్రేకు తొక్కినప్పుడేనా? ఇది తెలుసుకోవడానికి రద్దీలేని తిన్నని రోడ్డు మీద నెమ్మదిగా పోతూ, స్టీరింగును వదలకుండా పట్టు కాస్త సడలించి చూడండి. ఒక మాట గుర్తుంచుకోవలె. వాన నీరు జారిపోవడానికి రోడ్డును అంచులకు వాలుగా వేస్తారు. మనం ఎడమ పక్కన నడుస్తాం గనుక మంచి బండి కూడా కొంచెం ఎడమకు జారుతుంది. అది రోగం కాదు.

ఎప్పుడూ గుంజే బండికి ఈ వరుసలో చూడాలి.

ఒకటి, గాలి. తెల్లవారి బండి కదలకముందు, టైర్లు చల్లగా ఉన్నప్పుడు కొలవాలి. ఎంత ఉండాలో డ్రైవరు తలుపు దగ్గరి చీటీ మీద రాసి ఉంటుంది. బస్తాలన్నీ ఒకే పక్క వేశారేమో, ఒక పక్క స్ప్రింగు విరిగి బండి కుంగిందేమో కూడా చూడండి.

రెండు, టైరు. గాలి సరిగా ఉన్నా గుంజితే ముందు టైర్లు రెండింటినీ అటుదిటు మార్పించండి. గుంజుడు కూడా పక్క మారితే తప్పు టైరుదే. టైరు మీద తిరిగే దిక్కు చూపే బాణం గుర్తు ఉంటే మాత్రం అలా మార్చకూడదు.

మూడు, వదలని బ్రేకు. బ్రేకు ఎక్కువ వాడకుండా కొంత దూరం పోయి ఆపి, ముందు చక్రాల దగ్గర అరచేతి వెనక భాగం పెట్టి చూడండి. ముట్టుకోవద్దు, కాలుతుంది. ఒక చక్రం మాత్రమే సెగలు కక్కుతూ ఉంటే అక్కడి బ్రేకు పట్టుకొని వదలడం లేదన్నమాట.

నాలుగు, ఆఖరున అలైన్‌మెంటు. పెద్ద గుంటలో పడ్డ తర్వాత గుంజుడు మొదలైతే అనుమానం దీని మీదే. చక్రం పైభాగం బయటికి ఎక్కువగా వాలితే బండి ఆ పక్కకు గుంజుతుంది. అయితే బాల్ జాయింట్లు, బుష్‌లు అరిగి ఊగుతూ ఉంటే ఎన్నిసార్లు అలైన్‌మెంటు చేసినా నిలవదు. కదిలే గుంజకు పందిరి కట్టినట్టే. ముందు అరిగినవి మార్పించి, పిమ్మట కొలత పెట్టించండి. చేయకముందు కొలత, చేసిన తర్వాతి కొలత చూపించే కాగితం అడిగి తీసుకోండి.

ఇక బ్రేకు తొక్కినప్పుడు గుంజే బండి సంగతి. దానికి వరుసలు లేవు, రేపు ఎల్లుండి అనే మాటా లేదు. బ్రేకులు విప్పి బాగుచేయించేదాకా మనుషులను గాని, బస్తాలను గాని ఎక్కించవద్దు. నడుస్తున్న బండి ఉన్నట్టుండి గుంజినా పక్కకు తీసి ఆపి టైర్లు చూడండి.

ట్రాక్టరు నడిపే తమ్ముళ్లకు కూడా ఒక మాట. చాలు చివర మలుపుకోవడానికి వీలుగా ట్రాక్టరుకు కుడి ఎడమ బ్రేకు పెడళ్లు వేరువేరుగా ఉంటాయి. రోడ్డెక్కే ముందు రెంటినీ కలిపే గొళ్లెం తప్పక వేయాలి. మరచి ఒక్క పెడలే తొక్కితే ట్రాలీతో సహా బండి అటే తిరుగుతుంది.

కాకా అలైన్‌మెంటుకు రెండుసార్లు పైసలు పెట్టాడు గాని, మొదట చూడవలసిన గాలి చూడలేదు. బండి గుంజుతున్నదంటే ఏదో చెబుతున్నదన్నమాట. ఎప్పుడు చెబుతున్నదో కనిపెట్టండి, గాలితో మొదలుపెట్టండి. పసుపు మార్కెటుకు చేరడం ఎంత ముఖ్యమో, మీరు ఇల్లు చేరడం అంతకంటే ముఖ్యం.