లేత రంగే... లెక్క తప్పిస్తుంది!

పడగ్గదికి ఏ రంగు వేద్దామంటే ఇంట్లో తలో మాట అంటారు. చివరికి 'ఎందుకొచ్చిన గొడవ, లేత రంగేదో వేయించేద్దాం' అని ఏ ఐవరీకో బూడిద రంగుకో ఓటేస్తారు. నిజానికి బోల్తా కొట్టించేవి ఆ రంగులే! షేడ్‌కార్డులో ముచ్చటైన మీగడ రంగు గోడకెక్కాక పచ్చగా కొట్టొచ్చు. బూడిద రంగు నీలంగా కనిపించొచ్చు. కూలీతో సహా వేలు పోశాక సరిదిద్దుకోవాలంటే మళ్లీ మొదటికే.

ఏ లేత రంగు అడుగునైనా మరో రంగు ఛాయ దాగుంటుంది. షేడ్‌కార్డుని తెల్లకాగితం మీద పెడితే అది బయటపడుతుంది. ఆపైన చిన్న డబ్బా కొని ఓ పెద్ద అట్టముక్క మీద రెండు పూతలు వేయండి. ఎమల్షన్ ఆరాక కాస్త ముదురుతుంది కాబట్టి పూర్తిగా ఆరనివ్వాలి. ఆ అట్టని కిటికీ ఎదుటి గోడకీ, బీరువా పక్కకీ మార్చి ఉదయం, మధ్యాహ్నం, రాత్రి చూడాలి. రాత్రి మరీ ముఖ్యం, పడగ్గదిలో ఎక్కువగా ఉండేది అప్పుడే కదా! 6500 కెల్విన్ తెల్లటి ఎల్‌ఈడీ కింద చల్లగా ఉన్న రంగే 2700 కెల్విన్ పసుపు వెలుగులో వెచ్చగా మారిపోతుంది. ఎర్రగచ్చు ఉంటే గోడ కిందిభాగానికి ఆ ఛాయ కూడా తగులుతుంది.

గోడకి చెమ్మ ఉంటే ముందు దాని సంగతి చూడాలి. లేదంటే ఎంత ఖరీదైన రంగైనా పొక్కులొచ్చి రాలుతుంది. కొత్త ప్లాస్టరింగైతే కనీసం నాలుగు వారాలు ఆరాలి. లప్పం పెట్టి, గరుకు కాగితంతో రుద్ది, దుమ్ము తుడిచి, ప్రైమర్ వేశాకే రంగు. మెరిసే రకాలు ఎగుడుదిగుళ్లని పట్టిస్తాయి, పడగ్గదికి మ్యాటే మేలు. గదికి సరిపడా ఒకేసారి కలిపించుకోండి. సగంలో అయిపోయి మళ్లీ కలిపిస్తే, అదే నంబరైనా ఒక్కోసారి తేడా వస్తుంది. మిగిలిన గ్లాసెడు రంగుని మూత బిగించి దాచితే, తర్వాత మేకు పీకిన చోట పూసుకోవచ్చు.