పశువులు సాకే వారికి వచ్చే దద్దుర్లు – ఏవి వాటంతటవే తగ్గుతాయి, ఏవి డాక్టరుకు చూపించాలి

మన సంఘాల సమావేశాలకు వెళ్ళినప్పుడల్లా సభ్యులు మమ్మల్ని పశువుల జబ్బుల గురించి ఎన్నో ప్రశ్నలు అడుగుతుంటారు. పొదుగు వాపు, గాలికుంటు, చూడి నిలవకపోవడం, దాణా ధర – ఇవన్నీ వస్తాయి. ఆ పశువును సాకే మనిషి చేతి మీద లేచిన దద్దు గురించి మాత్రం అడిగేవారు అరుదు. పాలు పోసి, చీటీ తీసుకొని, కొంగు చాటున చెయ్యి గోక్కుంటూ వెళ్ళిపోతారు. మేమే అడిగితే "ఏముందండీ, గడ్డి దురద" అంటారు. చాలాసార్లు అది నిజంగా గడ్డి దురదే. కొన్నిసార్లు కాదు. ఆ తేడా ఎలా పోల్చుకోవాలో మాకు తెలిసినంతవరకు ఇక్కడ చెప్పదలచాము.

మొదట ఒక్క సంగతి. దద్దు అనేది ఒక జబ్బు పేరు కాదు. జ్వరం లాగే అదొక గుర్తు మాత్రమే. బూజు జాతి క్రిమి వల్ల రావచ్చు, వైరస్ వల్ల రావచ్చు, ఒంటికి పడని ఆకు తగిలినా, పడని మాత్ర మింగినా రావచ్చు. పైకి అన్నీ ఎర్రగా, దురదగా ఒకేలా కనిపిస్తాయి. అందువల్ల ఒకరికి పనిచేసిన మందు మరొకరికి హాని చేస్తుంది. ఈ విషయం ఒక సభ్యురాలి అనుభవంతో మాకు బాగా తెలిసివచ్చింది.

ఆమె మోచేతి కింద రూపాయి బిళ్ళంత గుండ్రటి మచ్చ లేచింది. అంచు ఎర్రగా, నడుమ పొట్టు రాలుతూ ఉండేది. మందుల షాపులో చెయ్యి చూపితే చిన్న ట్యూబు ఇచ్చారు. రెండు రోజుల్లో దురద పోయింది. మంచి మందని ఆమె మరో రెండు ట్యూబులు కొన్నది. నెల తిరిగేసరికి మచ్చలు నడుము చుట్టూ, రొమ్ముల కింద పాకాయి. కూతురికీ అంటుకున్నాయి. మేము వారి పాకకు వెళ్ళి చూస్తే కట్టుగొయ్య దగ్గర దూడ కళ్ళ చుట్టూ, మెడ మీద బూడిదరంగు పెచ్చులు కట్టి ఉన్నాయి. పాలు పితికేటప్పుడు ఆ దూడ తలను పక్కకు నెట్టి పట్టుకునేది ఆ చేతితోనే.

అది తామర. దూడలకు వచ్చే తామర మనుషులకు అంటుకుంటుంది. మరి ట్యూబులో ఉన్నదేమిటి? స్టెరాయిడ్ కలిపిన పూత. స్టెరాయిడ్ ఎరుపును, దురదను అణచివేస్తుంది. చర్మం తన శత్రువుతో చేసే పోరాటాన్నే ఆపివేస్తుంది కనుక పైకి నయమైనట్టే ఉంటుంది, లోపల తామర క్రిమి హాయిగా పెరుగుతుంది. ఎక్కువకాలం పూస్తే చర్మం పలచబడి చారలు పడతాయి. 2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను డాక్టరు చీటీ మీదనే అమ్మాలని నిర్ణయించింది. అయినా అడిగితే ఇచ్చే షాపులు ఉన్నాయి. ట్యూబు మీద క్లోబెటసాల్, బీటామెథాసోన్, మొమెటాసోన్ అన్న పేర్లలో ఏదైనా కనిపిస్తే అది స్టెరాయిడ్ అని గుర్తించండి. ఆమెకు, కూతురికి తామర మందు వారాల తరబడి వాడవలసి వచ్చింది. దూడను పశువైద్యునికి చూపి, పలుపు మార్చి, కట్టుగొయ్యను కడిగించారు. ఇలాంటి చోట్ల తామర బీజాలు చాలాకాలం బతికి ఉంటాయి. పశువును వదిలి మనిషికి మాత్రమే మందు వేస్తే జబ్బు మళ్ళీ తిరిగి వస్తుంది.

స్టెరాయిడ్ చెడ్డ మందని మేము అనడం లేదు. వయ్యారిభామ సంగతి తీసుకోండి. 1955 ప్రాంతంలో పూనేలో గుర్తించిన ఈ మొక్క ఇప్పుడు మన పొలం గట్లన్నిటా ఉంది. పడనివారికి దీని పుప్పొడి, ఎండిన ఆకుల ధూళి గాలిలో తగిలినా చాలు. కనురెప్పలు, మెడ, మోచేతి మడతలు ఎర్రబారి, దురదపెట్టి, కొంతకాలానికి చర్మం మందంగా తయారవుతుంది. బట్ట కప్పని చోటే ఎక్కువగా వస్తుంది. ఈ బాధకు డాక్టరు స్టెరాయిడ్ పూతనే రాస్తారు, అది గుణమిస్తుంది. అంటే వయ్యారిభామ దద్దుకు మేలు చేసిన ట్యూబే తామరకు కీడు చేస్తుంది. పక్కింటివారి ట్యూబు అరువు తెచ్చుకోవద్దని చెప్పడం అందుకే. వయ్యారిభామను పూత రాకముందే, చేతికి తొడుగు వేసుకొని పీకాలి. ఇప్పటికే ఒంటికి పడనివారు ఆ పనికి దిగకూడదు. పశువు దాన్ని మేస్తే పాలకు చేదు వస్తుందని సభ్యులకు తెలిసిందే.

ఇక గేదెలకు వచ్చే మశూచి. పొదుగు మీద, చన్నుల మీద పొక్కులు లేచి, పగిలి, పెచ్చులు కడతాయి. పితికేవారి వేళ్ళమీద గీతలు, పగుళ్ళు ఉంటే వాటి ద్వారా వైరస్ ప్రవేశించి అవే పొక్కులు లేస్తాయి. నడుమ గుంటపడి, చుట్టూ ఎర్రగా వాచి నొప్పి పెడతాయి. జ్వరం, చంకలో బిళ్ళ కట్టడం ఉండవచ్చు. సాధారణంగా కొన్ని వారాల్లో మానుతుంది. ఇంగ్లండులో జెన్నర్ అనే వైద్యుడు 1796లో మశూచికి టీకా కనిపెట్టింది పాలు పితికే అమ్మాయి చేతిమీది ఇటువంటి పొక్కు నుంచే. ఆవుల మశూచి సోకినవారికి మనుషుల మశూచి రాదని పల్లెజనం చెప్పుకునే మాటను ఆయన పరీక్షించి చూశాడు. మన దేశంలో చివరి మశూచి కేసు 1975లో నమోదైంది. ఆ తరువాత టీకాలు ఆపివేశారు. జబ్బ మీద ఆ టీకా మచ్చ లేని నేటి తరానికి గేదె మశూచి నుంచి ఆ రక్షణ లేదు. కనుక పొక్కులున్న గేదెను అన్నిటికన్నా చివర పితకాలి. దాని పొదుగు తుడిచే గుడ్డ వేరుగా ఉంచి ఉడకబెట్టాలి. పితకడానికి ముందూ తరువాతా సబ్బుతో చేతులు కడుక్కోవాలి. చేతికి పొక్కులు ఉన్నవారు మంచి గేదెలను ముట్టుకోరాదు. పొక్కును సూదితో పొడవకండి. చీము పట్టినా, కంటి దగ్గర లేచినా, ఎర్రదనం చేతి పైకి పాకినా డాక్టరుకు చూపండి.

దీన్నీ, ఇటీవల పశువుల ఒళ్ళంతా గడ్డలు లేచే లంపీ చర్మవ్యాధినీ ఒకటిగా భావించి కొందరు భయపడ్డారు. ఆ లంపీ వ్యాధి మనుషులకు సోకదు.

గజ్జి గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. వేళ్ళ సందుల్లో, మణికట్టు, బొడ్డు దగ్గర రాత్రిపూట నిద్రపట్టనివ్వని దురద ఉండి, ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఉంటే అది గజ్జి కావచ్చు. దురద లేనివారితో సహా ఇంటిల్లిపాదీ ఒకే రాత్రి మందు పూసుకుంటేనే పోతుంది. ఒక హెచ్చరిక మాత్రం తప్పదు: గోమార్లకు, పిడుదులకు పశువులమీద కొట్టే మందును కొందరు ఒంటికి రాసుకుంటున్నారు. అది విషం. పిల్లలకు రాస్తే ప్రాణాపాయం.

క్యాన్లు కడిగే సోడా, బ్లీచింగ్ పౌడరు వల్ల చేతులు పగిలి మండడం సంఘ సిబ్బందిలో సామాన్యం. రబ్బరు తొడుగులు వేసుకొని, పని కాగానే మంచినీటితో కడిగి కొబ్బరినూనె రాసుకుంటే చాలావరకు తగ్గుతుంది. వెన్న పరీక్షకు ఇంకా గంధకామ్లం వాడే చోట అది చేతిమీద పడితే దద్దు కాదు, కాలిన గాయం. ఇరవై నిమిషాలు ధారగా నీళ్ళు పోసి ఆసుపత్రికి వెళ్ళాలి.

అక్కి విషయంలో మా మాట కొందరికి రుచించకపోవచ్చు. ఒంటికి ఒకవైపునే, పట్టీలాగా, మంటతో నీటిపొక్కులు లేస్తే మన పల్లెల్లో జాజు తీసుకొని అక్కి రాయించుకునే అలవాటు ఉంది. అక్కి చాలామందిలో దానంతటదే మానుతుంది కాబట్టి రాసినందువల్లనే మానిందని నమ్మకం. చిన్నప్పుడు వచ్చిన ఆటలమ్మ వైరసే నరంలో దాగి, వయసు మీరాక లేవడం వల్ల అక్కి వస్తుంది. దీనికి మాత్రలున్నాయి. పొక్కులు లేచిన మూడు రోజుల్లోపు మొదలుపెడితే బాగా పనిచేస్తాయి. అక్కి రాసేవారికోసం ఎదురుచూస్తూ ఆ మూడు రోజులూ గడిపేయడం వల్లనే నష్టం. కొందరు ముసలివారిని ఆ నొప్పి నెలల తరబడి వదలదు. పగిలిన పొక్కుల మీద మట్టి పడితే చీము పట్టవచ్చు. నుదుటి మీద, కంటి చుట్టూ లేస్తే ఆ రోజే వెళ్ళాలి, చూపుకే ముప్పు.

ఇంతవరకూ చెప్పినవి దురదో, నొప్పో ఉన్నవి. ఏ బాధా లేని మచ్చ గురించి మాకు ఎక్కువ ఆందోళన. పాలిపోయినట్టో, కొద్దిగా ఎర్రగానో ఒక మచ్చ ఉంటుంది. దురద లేదు, నొప్పి లేదు, అందుకే ఎవరూ పట్టించుకోరు. కళ్ళు మూసుకోమని ఆ మచ్చ మీద దూదిపోగు తాకించండి. తాకినట్టు తెలియకపోతే అది కుష్ఠు కావచ్చు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో మందులు ఉచితం. జబ్బు రకాన్నిబట్టి ఆరు నెలలో, పన్నెండు నెలలో వాడితే నయమవుతుంది. ఆలస్యమైతే నరాలు దెబ్బతిని వేళ్ళు వంకరపోతాయి. పాలు పితికి బతికేవారికి వేళ్ళు పోతే ఏం మిగులుతుంది? ఇది పాల ద్వారా వచ్చే జబ్బు కాదు. వైద్యం చేయించుకుంటున్న సభ్యుని పాలు తీసుకోవడానికి ఏ సంఘమూ వెనుకాడనక్కరలేదని కార్యదర్శులకు మా మనవి.

తెల్లవారేదాకా కూడా ఆగకూడని దద్దుర్లు కొన్ని ఉన్నాయి. ఒంటినిండా దద్దులు లేస్తూ పెదవులు, నాలుక వాచి ఊపిరి ఆడకపోతే వెంటనే 108కి ఫోను చేయండి. కొత్త మాత్ర మొదలుపెట్టిన కొన్ని రోజులకో, వారాలకో దద్దు లేచి, నోరు పూసి, కళ్ళు ఎర్రబడి, చర్మం మండుతూ ఊడివస్తుంటే ఆ మాత్ర ఆపి ఆసుపత్రికి వెళ్ళాలి. మూర్ఛ మాత్రలు, సల్ఫా మాత్రలు, కొన్ని నొప్పి మాత్రలు ఇలా చేయగలవు. జ్వరంతో ఎర్రచుక్కలు వచ్చినప్పుడు గాజుగ్లాసును వాటిమీద అదిమి చూడండి. అదిమినా చుక్కలు మాయం కాకపోతే చర్మం కింద రక్తం చిమ్మినట్టు. గడ్డి కోసేవారికి జ్వరం వచ్చి, చంకలోనో గజ్జల్లోనో నొప్పిలేని నల్లటి పెచ్చు కనిపిస్తే అది నల్లివంటి చిన్న పురుగు కాటుతో వచ్చే స్క్రబ్ టైఫస్ కావచ్చు. సకాలంలో మందు పడితే తగ్గుతుంది, ఆలస్యమైతే ప్రాణం మీదికి వస్తుంది. చంటిపిల్లలకు, గర్భిణులకు, చక్కెర వ్యాధి ఉన్నవారికి జ్వరంతో దద్దు వస్తే ఇంట్లో వైద్యం వద్దు.

డాక్టరు దగ్గరకు వెళ్ళేటప్పుడు ఇదివరకు పూసిన ట్యూబు, మింగిన మాత్రల అట్ట వెంట తీసుకువెళ్ళండి. పారవేసి ఉంటే షాపులో పేరు అడిగి రాయించుకోండి. ఇంట్లో గేదెలున్నాయని, దూడకు పెచ్చులున్నాయని, చన్నుల మీద పొక్కులున్నాయని మీరే చెప్పండి. పట్నం డాక్టరుకు ఆ ప్రశ్న తట్టకపోవచ్చు.