స్టాక్‌ఫిష్: బల్ల లేని చదరంగపు జెట్టి

2024 డిసెంబరు 12. సింగపూర్‌లో ప్రపంచ చెస్ పోటీ ఆఖరి ఆట. చెన్నైలో పుట్టి పెరిగిన తెలుగింటి కుర్రాడు గుకేశ్‌వి నల్లపావులు, చైనా ఆటగాడు డింగ్ లిరెన్‌వి తెల్లపావులు. గుకేశ్‌కు ఒక బంటు ఎక్కువ ఉంది. అయినా చూసేవాళ్ల తెరల మీద కంప్యూటర్ వేస్తున్న అంకె సున్నా దగ్గరే ఆడుతోంది. అంటే ఆట సమం. 55వ ఎత్తులో డింగ్ ఏనుగును ఎఫ్2 గడికి దించాడు. అంకె అమాంతం నలుపు వైపు దూకింది. గుకేశ్ ఏనుగును ఏనుగుతో మార్చుకుని, మూలన చిక్కిన తెల్ల శకటును కూడా మార్పిడికి లాగాడు. 58 ఎత్తులకు ఆట ముగిసింది. పద్దెనిమిదేళ్లకే గుకేశ్ జగజ్జేత అయ్యాడు.

ఇలాంటి అంకెలు వేసే ప్రోగ్రాముల్లో పెద్దపేరు స్టాక్‌ఫిష్‌ది. 2004లో నార్వే వాసి టోర్డ్ రోమ్‌స్టాడ్ ‘గ్లౌరుంగ్’ అనే చెస్ ప్రోగ్రాం రాసి, దాని కోడ్‌ను అందరికీ వదిలేశాడు. 2008లో ఇటలీకి చెందిన మార్కో కోస్టాల్బా దాన్ని అందుకుని సానబట్టి, నార్వేలో ఎండబెట్టి ఇటలీలో వండుకునే చేప పేరు పెట్టాడు. 2013లో గ్యారీ లిన్స్‌కాట్ ‘ఫిష్‌టెస్ట్’ మొదలుపెట్టాడు. ఎవరైనా కోడ్‌లో మార్పు సూచిస్తే, దాతలు అప్పగించిన కంప్యూటర్ల మీద పాత కోడ్, కొత్త కోడ్ వేలకొద్దీ ఆటలు తలపడతాయి. కొత్తది మెరుగని లెక్క తేలితేనే లోపలికి రానిస్తారు. ఎంత పెద్ద ప్రోగ్రామరైనా ఈ పరీక్ష తప్పదు.

దీని బలం రెండు చోట్ల ఉంది. ఒకటి వెతుకులాట. ఆట మొదట్లో తెలుపుకు 20 ఎత్తులు, నలుపుకు 20 జవాబులు; ఒక్కో ఎత్తుకే 400 దారులు. అన్నిటినీ చూడటం ఎవరి తరమూ కాదు. అందుకే ఒక ఎత్తుకు గట్టి జవాబు ఒక్కటి కనబడగానే మిగతా జవాబుల జోలికి పోకుండా ఆ కొమ్మను నరికేస్తుంది. 1997లో జగజ్జేత కాస్పరోవ్‌ను ఓడించిన ఐబీఎం డీప్ బ్లూ ప్రత్యేక చిప్‌లతో సెకనుకు 20 కోట్ల స్థితులు చూసేది. మామూలు లాప్‌టాప్ మీద స్టాక్‌ఫిష్ అంతకన్నా చాలా తక్కువే చూస్తుంది, కానీ చూడక్కర్లేనిదేదో దానికి బాగా తెలుసు.

రెండోది విలువ కట్టడం. 2017లో గూగుల్‌వారి ఆల్ఫాజీరో న్యూరల్ నెట్‌వర్క్‌తో తనంతట తాను ఆట నేర్చుకుని, వంద ఆటల్లో స్టాక్‌ఫిష్‌ను 28 సార్లు ఓడించింది, ఒక్కటీ ఓడలేదు. జపాన్ చదరంగం షోగి కోసం యు నాసు రూపొందించిన చిన్న న్యూరల్ నెట్‌వర్క్‌ను 2020లో స్టాక్‌ఫిష్ స్థితులకు విలువ కట్టేందుకు తనలో కలుపుకుంది. అదీ మామూలు ప్రాసెసర్ మీదే నడుస్తుంది.

ఇంత బలశాలికి ముఖం లేదు. దించుకుని డబుల్ క్లిక్ చేస్తే నల్ల కిటికీ తెరుచుకుని, పేరుతో ఒక వరుస చూపి ఊరుకుంటుంది. బల్ల లేదు, పావులు లేవు. రాజు ముందున్న బంటును రెండు గళ్లు జరపాలంటే, టైపు చేసే ఆదేశంలో ఆ ఎత్తును ‘ఈ2ఈ4’ అని రాయాలి. కోట కట్టడమంటే దానికి రాజు ‘ఈ1జీ1’ నడవడమే. మన కంప్యూటర్‌కు ఎనిమిది కోర్లున్నా, మనం చెప్పకపోతే ఒక్కదానితోనే ఆలోచిస్తుంది.

ముఖం లేకపోవడం మరుపు కాదు, కావాలని చేసిన ఏర్పాటు. 2000లో స్టెఫాన్ మేయర్ కాలెన్, రుడాల్ఫ్ హ్యూబర్ ‘యూసీఐ’ అనే మాటల ఒప్పందం తయారుచేశారు. ఆలోచించే ప్రోగ్రాం, అంటే ఇంజిన్, వేరు; బల్ల చూపే ప్రోగ్రాం వేరు. రెండూ ఆ ఒప్పందం ప్రకారం మాట్లాడుకుంటాయి. దానితో ఇంజిన్ రాసేవాళ్లకు బొమ్మల బెడద తప్పింది. ఆడేవాళ్లకేమో రెండిటినీ జతచేసుకునే పని మిగిలింది.

అసలు చిక్కు తెర మీద కనబడే ఆ అంకెతోనే. ఒకటి అంటే ఒక బంటు ఆధిక్యం అని చాలామంది లెక్క. 2022 చివర్లో వచ్చిన 15.1 వెర్షన్ నుంచి స్టాక్‌ఫిష్‌లో దాని అర్థం గెలిచే అవకాశం సగానికి సగం అని. పైగా సున్నా అన్నప్పుడు ఆ సమాన స్థితిని నిలబెట్టుకోవడం ఎవరికి కష్టమో చెప్పదు. సింగపూర్‌లో కష్టమంతా డింగ్‌దే. అంకెలో అది కనబడలేదు. స్టాక్‌ఫిష్ ఏ ఎత్తు వేయాలో చెబుతుంది, ఎందుకో చెప్పదు.

గుకేశ్ గురువు విష్ణు ప్రసన్న ఈ సంగతి ముందే పసిగట్టాడు. రేటింగ్ 2500 దాటేదాకా శిష్యుణ్ణి ఇంజిన్ ముట్టనివ్వలేదు. సొంతంగా లెక్కకట్టడం అలవడాలన్నాడు.

నేడు స్టాక్‌ఫిష్ ఉచితం. మదురై పక్కన మేలూరులో ఇంట తెలుగు, బడిలో తమిళం మాట్లాడే పిల్లవాడి ఫోన్‌లోనూ, గ్రాండ్‌మాస్టర్ లాప్‌టాప్‌లోనూ నడిచేది ఒకే ప్రోగ్రాం. పిల్లలకు చెస్ నేర్పే తల్లిదండ్రులు చేయాల్సిందొకటే: ఆట ముగిశాక, ఎక్కడ తప్పామో పిల్లలు తమ మాటల్లో రాసిన తర్వాతే ఇంజిన్ తెరవనివ్వండి.