షాట్‌కీ షాట్‌కీ మధ్య ఏముంది?

ఒక చిన్న లెక్కతో మొదలుపెడదాం. గోల్ఫ్‌లో ఒక రౌండ్ అంటే 18 హోల్స్. పేరున్న ఆటగాడు దాన్ని అటూ ఇటూగా 70 షాట్లలో ముగిస్తాడు. కర్ర ఎత్తి బంతిని కొట్టడానికి పట్టేది మహా అయితే రెండు సెకన్లు. అంటే మొత్తం కలిపినా 140 సెకన్లు. మూడు నిమిషాలు కూడా లేదు. కానీ రౌండ్ పూర్తవడానికి నాలుగు గంటలు దాటుతుంది. మరి మిగతా సమయమంతా ఆటగాడు ఏం చేస్తుంటాడు?

నడుస్తాడు. ఆలోచిస్తాడు. గాలి ఎటు వీస్తోందో చూస్తాడు. ఇందాక చెడిపోయిన షాట్‌ని మనసులోంచి తీసేయడానికి తంటాలు పడతాడు.

టీవీలో చూస్తే మనకు ఎక్కువగా కనిపించేది ఆ మూడు నిమిషాలే. ఒకరు కొట్టగానే కెమెరా ఇంకొకరి మీదకు వెళ్లిపోతుంది. మిగతా నాలుగు గంటలూ చూడాలంటే మైదానానికి వెళ్లాల్సిందే. ఉద్యోగ వేటలో ఉన్న మీకు గోల్ఫ్‌తో ఏం పని అంటారా? ఒక్కసారి మీ రోజులే గుర్తు తెచ్చుకోండి. ఇంటర్వ్యూ అరగంట. దానికి ముందూ వెనకా వారాలు, నెలలు. రెజ్యుమె పంపడం, జవాబు కోసం చూడటం, ‘సారీ’ అని వచ్చిన మెయిల్‌ని మింగుకుని మళ్లీ మొదలుపెట్టడం... మీ ఆట కూడా ఎక్కువ భాగం షాట్‌కీ షాట్‌కీ మధ్యే నడుస్తోంది. అక్కడ ఎలా ఉండాలో చూసి నేర్చుకోవడానికి ఇంతకు మించిన చోటు తక్కువే.

ఆ చోటు పేరు అగస్టా

గోల్ఫ్‌లో నాలుగు మేజర్ టోర్నీలుంటే, వాటిలో ఏటా ఒకే మైదానంలో జరిగేది మాస్టర్స్ ఒక్కటే. అమెరికాలోని జార్జియా రాష్ట్రం, అగస్టా నేషనల్ గోల్ఫ్ క్లబ్. 1934లో మొదలైంది. గెలిచినవారికి ఆకుపచ్చ కోటు తొడుగుతారు. ఏప్రిల్ మొదట్లో వారం రోజుల సందడి. సోమవారం నుంచి బుధవారం వరకు సాధన, గురువారం నుంచి ఆదివారం వరకు అసలు పోటీ. తెలుగువాళ్లు బాగా స్థిరపడిన అట్లాంటా నుంచి కారులో రెండున్నర గంటల ప్రయాణం. ఎంఎస్ కోసం ఆ చుట్టుపక్కలకు వెళ్లే మన విద్యార్థులకు ఇది మరీ అందనంత దూరమేమీ కాదు.

దూరం కాదు గానీ టికెట్టే కష్టం. రోజువారీ టికెట్లను లాటరీ పద్ధతిలో ఇస్తారు. తర్వాతి ఏడాది పోటీలకు సాధారణంగా జూన్‌లోనే అధికారిక వెబ్‌సైట్‌లో దరఖాస్తు చేసుకోవాలి. 21 ఏళ్లు నిండి ఉండాలి. దరఖాస్తుకు డబ్బు కట్టనక్కర్లేదు, ఎంపికైతేనే చెల్లించాలి. ఎక్కువమందికి వచ్చే జవాబు ‘ఈసారి కాదు’ అనే. అయినా ఏటా మళ్లీ పెడుతూనే ఉంటారు. బయట ఎవరైనా టికెట్టు అమ్ముతామంటే మాత్రం తొందరపడొద్దు. చేతులు మారిన టికెట్టుతో వెళ్తే గేటు దగ్గరే వెనక్కి పంపే ప్రమాదం ఉంది. డబ్బు పోతుంది, ప్రయాణమూ వృథా.

అదృష్టం తలుపు తట్టిందనుకోండి, మొదటిసారి వెళ్లేవారికి సాధన రోజులే మేలు. టికెట్టు ధర తక్కువ, కెమెరా తీసుకెళ్లొచ్చు, ఆటగాళ్లు కాస్త తేలిగ్గా కనిపిస్తారు. పోటీ రోజుల్లో కెమెరాకు అనుమతి లేదు.

ఫోన్ గేటు బయటే

ఫోన్ మాత్రం ఏ రోజూ లోపలికి రానివ్వరు. ట్యాబ్, ల్యాప్‌టాప్ ఏదైనా అంతే. ఎవరికైనా చెప్పాల్సిన మాట ఉంటే లోపల ఉచిత టెలిఫోన్లు ఉంటాయి, వాటి నుంచి మాట్లాడుకోవచ్చు. ఇంటి నంబరు కంఠతా వచ్చి ఉండాలంతే!

మొదటి గంట చెయ్యి ఊరికే జేబులోకి వెళ్తుంటుంది. టైమ్ ఎంతైందో తెలియదు. ఎవరు ముందంజలో ఉన్నారో తెలియదు. తర్వాత చెవులు పనిచేయడం మొదలవుతుంది. చెట్ల అవతల ఎక్కడో పెద్ద కేక లేస్తుంది. ఎవరో ఏదో అద్భుతం చేశారు. ఎవరు? మీ దగ్గర్లోని పెద్ద తెల్ల స్కోరుబోర్డు వైపు జనమంతా తల తిప్పుతారు. అక్కడ అంకెలను నేటికీ మనుషులే చేత్తో మారుస్తారు. ఒక పలక కిందికి దిగుతుంది, కొత్త అంకె పైకి వస్తుంది. ఎరుపు అంకె అంటే లెక్క కంటే తక్కువ షాట్లు, అంటే బాగా ఆడుతున్నట్టు. ఆకుపచ్చ అయితే ఎక్కువ షాట్లు. ఆ అంకె కనబడేలోపు వేలమంది ఊపిరి బిగబట్టి ఉంటారు. నోటిఫికేషన్‌లో దొరకని అనుభవం అది.

ప్రేక్షకులను ఇక్కడ ‘పేట్రన్లు’ అంటారు. నియమాలూ అలాగే ఉంటాయి. పరుగెత్తకూడదు. ఆటగాడు కొట్టబోతుంటే మాటా కదలికా ఆపేయాలి. మడత కుర్చీ ఒకటి తెచ్చుకుని నచ్చిన చోట వేసి, రోజంతా ఎటైనా తిరిగి రావచ్చు. కుర్చీ అక్కడే ఉంటుంది. మీరు లేనప్పుడు వేరేవాళ్లు కూర్చోవచ్చు, మీరు రాగానే లేచి ఇచ్చేస్తారు. ఇంత పేరున్న చోట తిండి ఖరీదు భయపెడుతుందేమో అనుకుంటాం. కానీ ఇక్కడి ప్రసిద్ధ పిమెంటో చీజ్ శాండ్‌విచ్ ధర చాలా ఏళ్లుగా ఒకటిన్నర డాలరే. మాంసం ఉండదు కాబట్టి శాకాహారులకూ బెంగలేదు.

ఎక్కడ నిలబడాలి?

రెండు దారులున్నాయి. ఒకే ఆటగాడి వెంట 18 హోల్స్ నడవడం, లేదా ఒకచోట కూర్చుని వచ్చేవాళ్లందరినీ చూడడం. ఒక్కరోజే దొరికితే రెండూ సగం సగం చేయండి. మంచి బూట్లు మాత్రం తప్పనిసరి. టీవీలో చదునుగా కనిపించే ఈ మైదానం నిజానికి ఎత్తుపల్లాలమయం. క్లబ్ హౌస్ నుంచి లోపలి వాగు వరకు వంద అడుగులకు పైనే దిగుతారు. మళ్లీ ఎక్కాలి కూడా!

కూర్చోవడానికి చాలామంది ఎంచుకునేది ‘ఆమెన్ కార్నర్’. 11వ హోల్ చివర, 12వ హోల్, 13వ హోల్ మొదలు కలిసే మూల అది. 12వ హోల్ పొడవు కేవలం 155 గజాలు. చూస్తే ఇంతేనా అనిపిస్తుంది. ముందు వాగు, వెనక ఇసుక గుంత, చెట్ల మధ్య దిక్కు మార్చుకునే గాలి. ఎందరో మేటి ఆటగాళ్ల ఆశలు ఆ వాగులో మునిగిపోయాయి. 2016లో వరుసగా రెండోసారి గెలిచే ఊపులో ఉన్న జోర్డాన్ స్పీత్ ఇక్కడే రెండు బంతులు నీళ్లపాలు చేసి, మూడు షాట్లలో ముగియాల్సిన హోల్‌కి ఏడు తీసుకున్నాడు. టైటిల్ చేజారింది.

చెడ్డ షాట్ తర్వాత

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. మైదానంలో ఉన్నప్పుడు బంతి వెంట కళ్లు పరుగెత్తించకండి. షాట్ చెడిపోయిన ఆటగాడిని చూడండి. తర్వాతి రెండు నిమిషాలు అతను ఎలా నడుస్తాడో చూడండి.

రోరీ మెక్‌ల్రాయ్ కథ తీసుకోండి. 2011లో చివరి రోజు నాలుగు షాట్ల ఆధిక్యంతో బరిలోకి దిగాడు. అప్పటికి వయసు 21. ఆ రోజు 80 షాట్లు ఆడి కుప్పకూలాడు. ఆ తర్వాత మిగతా మూడు మేజర్లూ గెలిచాడు గానీ అగస్టా మాత్రం దక్కలేదు. మళ్లీ అలాంటి ఆదివారం 2025లో వచ్చింది. రెండు షాట్ల ఆధిక్యంతో మొదలుపెట్టి, తొలి హోల్‌లోనే ఆ రెండూ పోగొట్టుకున్నాడు. కోలుకున్నాడు. 13వ హోల్‌లో ఎంతో తేలికైన షాట్‌ని వాగులో వేశాడు. మళ్లీ కోలుకున్నాడు. 18వ హోల్‌లో చిన్న దూరం నుంచి బంతిని గుంతలో వేస్తే చాలు, గెలుపే. అదీ తప్పింది. స్కోరు సమమై ప్లేఆఫ్‌కి వెళ్లాల్సి వచ్చింది. ఆ మధ్యలో, చిన్ననాటి స్నేహితుడు కూడా అయిన క్యాడీ అతనికి ఒకటే గుర్తుచేశాడు: ఈ స్థితిలో ఉంటామని సోమవారం ఎవరైనా చెప్పి ఉంటే సంతోషంగా ఒప్పుకునేవాళ్లం కదా అని. అదే 18వ హోల్‌కి తిరిగి వెళ్లి, ఈసారి గెలిచాడు. పద్నాలుగేళ్ల తర్వాత!

ఆ రోజు అతను తప్పులు లేకుండా ఆడలేదు. తప్పుకీ తప్పుకీ మధ్య నిలబడ్డాడు. నాలుగో రౌండ్‌లో వెనక్కి వచ్చిన ఇంటర్వ్యూ తర్వాత అయిదో కంపెనీ గేటు దగ్గర నిలబడ్డ మీకు, ఇంతకంటే దగ్గరి ఉదాహరణ ఏముంటుంది?

మనవాడి రెండు స్ట్రోకులు

అగస్టాలో ఆడిన తొలి భారతీయుడు జీవ్ మిల్ఖా సింగ్, 2007లో. తెలుగు మూలాలున్న పేరు కూడా ఒకటి అక్కడి బోర్డు మీద కనిపించింది. సాహిత్ తీగల. తల్లిదండ్రులు హైదరాబాద్ నుంచి వెళ్లినవారు, అతను కాలిఫోర్నియాలో పుట్టాడు. 2023లో తొలిసారి మాస్టర్స్ ఆడి, ఆఖరి రోజు 16వ హోల్‌లో గ్రీన్ బయటినుంచే బంతిని గుంతలో పడేసి జనాన్ని ఊపేశాడు. ఉమ్మడిగా తొమ్మిదో స్థానం.

అంతకంటే గుర్తుంచుకోవాల్సింది 2024లో అట్లాంటాలోని ఈస్ట్ లేక్‌లో జరిగింది. టూర్ ఛాంపియన్‌షిప్ మూడో రౌండ్. ఇసుక గుంతలోంచి కొట్టేందుకు కర్రను వెనక్కి తీస్తుంటే అది ఇసుకకు తగిలినట్టు అతనికి అనిపించింది. నిబంధన ప్రకారం అది తప్పు. అతనే వెళ్లి అధికారికి చెప్పాడు. రెండు స్ట్రోకుల పెనాల్టీ పడింది. చివరికి మూడో స్థానంలో నిలిచాడు. రెండో స్థానంలో ఉన్నవాడికీ అతనికీ తేడా సరిగ్గా ఆ రెండు స్ట్రోకులే. ప్రైజ్ మనీలో అది కోట్ల రూపాయల తేడా. రెజ్యుమెలో లేని అనుభవాన్ని ‘చిన్నగా’ చేర్చుదామా అని చెయ్యి ఊగినప్పుడు ఈ సంగతి తలుచుకోండి. ఇదీ షాట్‌కీ షాట్‌కీ మధ్య జరిగేదే.

తాళ్ల అవతల ఎవరున్నారు?

మధ్యాహ్నం ఒక గంటసేపు ఆటగాళ్లను వదిలేసి పనిచేసేవాళ్లను గమనించండి. ఆ పచ్చిక దానంతటదే అలా ఉండదు. గ్రీన్ల కింద గొట్టాలు వేసి, తేమను లాగే యంత్రాలు నడుపుతారు. అగ్రికల్చర్, హార్టికల్చర్, మెకానికల్ చదివేవారికి అదో పాఠం. ప్రతి షాట్ వివరాన్నీ క్షణాల్లో ప్రపంచానికి అందించే డేటా బృందాలు ఉంటాయి. ప్రసారం, భద్రత, వేలమందికి క్యూ కదులుతూనే ఉండేలా భోజనం పెట్టే ఏర్పాట్లు... ఇవన్నీ ఉద్యోగాలే. సాయంత్రం గదికి చేరాక, చూసిన వాటిలో మూడు పనులు, వాటికి కావాల్సిన నైపుణ్యాలు కాగితం మీద రాసుకోండి. ‘మీరు గమనించిన ఒక మంచి నిర్వహణ గురించి చెప్పండి’ అని రేపు ఇంటర్వ్యూలో అడిగితే కళ్లతో చూసింది చెప్పగలుగుతారు.

అందంగా ఉన్నంత మాత్రాన ఆ చోటు గతాన్ని మరచిపోనక్కర్లేదు. నల్లజాతి ఆటగాడు తొలిసారి మాస్టర్స్ ఆడింది 1975లో, అతని పేరు లీ ఎల్డర్. క్లబ్‌లో నల్లజాతి సభ్యుడికి చోటు దొరికింది 1990లో, మహిళలకు 2012లో. అంతకుముందు దశాబ్దాలపాటు అక్కడ బ్యాగులు మోసి, గ్రీన్ల వాలు చదివి చెప్పిన క్యాడీలు మాత్రం నల్లజాతివారే. ఏ సంస్థలో చేరబోతున్నా దాని మెరుపుతో పాటు ఈ లెక్క కూడా చూడటం అలవాటు చేసుకోవాలి.

అగస్టా దాకా వెళ్లలేమా?

ఫర్వాలేదు. గురుగ్రామ్‌లో ఇండియన్ ఓపెన్ జరుగుతుంటుంది. 1964లో మొదలైన పోటీ అది. మన దగ్గరే హైదరాబాద్‌లో గోల్కొండ మాస్టర్స్, విశాఖలో వైజాగ్ ఓపెన్ పేరుతో ప్రొఫెషనల్ టోర్నీలు జరిగాయి. పీజీటీఐ వెబ్‌సైట్‌లో క్యాలెండర్ చూసి, ప్రేక్షకులను అనుమతిస్తారా అన్నది క్లబ్‌కి ముందే ఫోన్ చేసి కనుక్కోండి. అగస్టా అంత జనం ఉండరు. అందుకే ఆటగాడి ముఖం ఇంకా దగ్గరగా కనిపిస్తుంది.

వెళ్లినప్పుడు ఫోన్‌ని మీరే స్విచాఫ్ చేసి బ్యాగులో పెట్టండి. ఒక్క ఆటగాడిని ఎంచుకోండి. గెలిచేవాడే కానక్కర్లేదు. అతని షాట్ చెడిపోయేదాకా ఆగండి. తర్వాత అతను తల ఎప్పుడు ఎత్తాడో, ఎన్ని అడుగులు వేశాక ఎత్తాడో చూడండి.

మీ తర్వాతి ‘సారీ’ మెయిల్ వచ్చిన రోజు ఆ అడుగులు లెక్కపెట్టుకోండి. అన్ని అడుగులు నడిచాక ఇంకో దరఖాస్తు తెరవండి.